అద్దె రసీదు మీద సంతకం ఎవరిది?

(హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ సంఘాల సభ్యులకు, ఉద్యోగులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నలుగురు కూడినచోట పన్నుల మాట వస్తే మొదట వినపడేది ఇంకొకరి సంగతే. "కిరాణా కొట్టాయన బిల్లే ఇవ్వడు." "పై అంతస్తు ఆయనకి మూడు ఫ్లాట్ల అద్దెలొస్తాయి, రూపాయి చూపించడు." "పొలం అమ్మి కోటి తెచ్చుకున్నాడు, పన్ను లేదట." "దొరికింది జీతగాళ్లం మనమే." ఇవన్నీ అబద్ధాలని నేననను, కొన్ని నిజమే. అయితే జనవరిలో ఆఫీసు వాళ్లు ఆధారాలు పెట్టమనగానే అదే మనిషి రసీదు పుస్తకం కొంటాడు. ఒకే పెన్నుతో, ఒకే పూటలో, పన్నెండు నెలల అద్దె రసీదులూ రాసేసి ఓనరు సంతకం కూడా తనే పెట్టేస్తాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు అడ్జస్ట్‌మెంట్. ఎదుటివాడు చేస్తే ఎగవేత, మనం చేస్తే అడ్జస్ట్‌మెంట్. ఇవాళ ఈ రెండు పేర్ల గురించే మాట్లాడదాం.

చట్టం మనకంటే నిదానంగా తూస్తుంది. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 270ఏ సెక్షన్ చూడండి. ఆదాయం తక్కువ చూపితే, దాని మీద పడాల్సిన పన్నులో 50 శాతం జరిమానా. లేని రసీదు, దొంగ లెక్క, దాచిన వాస్తవం ఉంటే జరిమానా 200 శాతం. పొరపాటు జరిగినా, ఇచ్చిన వివరణ నిజాయతీగా ఉండి, సంబంధించిన వాస్తవాలన్నీ ముందే బయటపెట్టి ఉంటే అసలు జరిమానాయే లేదు. అంటే 10,000 రూపాయల పన్ను తేడా ముగ్గురి రిటర్నుల్లోనూ ఉందనుకుంటే, ఒకరికి జరిమానా సున్నా, ఒకరికి 5,000, ఒకరికి 20,000. తేడా మొత్తం ఒకటే, తప్పు రకం వేరు. పక్కింటాయన్ని తూచేటప్పుడు మనం ఈ మూడు రాళ్లూ వాడం. ఒక్కటే రాయి వేస్తాం, అదీ అన్నింటికంటే బరువైనది.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది, సెక్షన్ల అంకెలు మారాయి. 2025-26 వరకూ వచ్చిన ఆదాయానికి మాత్రం లెక్క పాత చట్టం ప్రకారమే. నేను చెప్పే అంకెలు, ఫారాల పేర్లు అన్నీ దాని కిందివే.

ముందు కిరాణా కొట్టు సంగతి తేల్చుకుందాం. సరుకులు అమ్మే వ్యాపారికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి చాలా రాష్ట్రాల్లో ఏడాదికి 40 లక్షల టర్నోవర్. తెలంగాణలో 20 లక్షలే. అంతకు లోపు అమ్మే కొట్టు రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు, తీసుకోకపోతే మన దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు కూడా. ఆపైన కోటిన్నర దాకా కాంపొజిషన్ పథకం ఉంది. అందులో చేరిన వ్యాపారి తన టర్నోవర్ మీద 1 శాతం తన జేబులోంచి కడతాడు. ఆయనా మన బిల్లులో పన్ను వేయకూడదు. బిల్లులో జీఎస్టీ కనపడకపోవడం ఈ ఇద్దరి విషయంలో చట్టం చెప్పినట్టు నడుచుకోవడమే. మరి తప్పెక్కడ పట్టుకోవాలి? బిల్లులో జీఎస్టీ వేసి, నంబరు వేయనిచోట. ఆ నంబరులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండంకెలు రాష్ట్రానివి, తెలంగాణకి 36. తర్వాతి పది ఆ వ్యాపారి పాన్. జీఎస్టీ పోర్టల్‌లో నంబరు కొడితే పేరు, చిరునామా, ఏ పథకంలో ఉన్నాడు, రిజిస్ట్రేషన్ బతికే ఉందా లేదా అన్నీ వస్తాయి. నిందించే ముందు ఒక నిమిషం పని. ఇంకో సంగతి. టైల్స్ కొట్టులో "బిల్లు లేకుండా ఎంతకిస్తారు?" అని అడిగేది మనమే. ఆ అమ్మకం దాగడంలో మన చెయ్యీ ఉంది.

పొలం అమ్మినాయన సంగతీ ఇంతే. పల్లె పరిధిలోని వ్యవసాయ భూమి పన్ను చట్టం దృష్టిలో మూలధన ఆస్తి కాదు, కాబట్టి అమ్మితే లాభం మీద పన్ను లేదు. పల్లె పరిధి అంటే ఏమిటన్నదే ప్రశ్న. దగ్గరి మునిసిపాలిటీ జనాభా 10 వేలు దాటి లక్ష లోపయితే దాని హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష నుంచి 10 లక్షల దాకా అయితే 6, ఆపైన 8 కిలోమీటర్లు దాటి ఉండాలి. రోడ్డు మీద కాదు, గీత గీసినట్టు తిన్నగా కొలవాలి. హైదరాబాద్ చుట్టూ మునిసిపల్ హద్దులు జరుగుతూ వచ్చాయి కాబట్టి ఒకే ఊళ్లో ముందు అమ్మినవాళ్లకి పన్ను లేకపోవచ్చు, తర్వాత అమ్మినవాళ్లకి పడొచ్చు. సర్వే నంబరూ అమ్మిన తేదీ తెలియకుండా ఎవరూ తీర్పు చెప్పలేని విషయమిది.

ఇక మన ఇంట్లోకి వద్దాం. హెచ్‌ఆర్‌ఏ, అంటే జీతంలో ఇచ్చే ఇంటి అద్దె భత్యం. దాని మినహాయింపు పాత విధానంలోనే ఉంది, కొత్త విధానం ఎంచుకున్నవాళ్లకి వర్తించదు. ఈ విధానాలు పన్ను లెక్కకి మనం ఎంచుకునే రెండు పద్ధతులు, పాత చట్టం, కొత్త చట్టం వేరు. లెక్క తెలిసిందే, మూడింట్లో తక్కువది: ఆఫీసు ఇచ్చిన హెచ్‌ఆర్‌ఏ, బేసిక్‌లో 40 శాతం, కట్టిన అద్దెలోంచి బేసిక్‌లో 10 శాతం తీసేయగా మిగిలింది. డీఏ, అంటే కరవు భత్యం, ఉంటే బేసిక్‌తో కలుపుకోవాలి. 50 శాతం ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై నాలుగింటికే. హైదరాబాద్ ఎంత పెద్దదైనా పాత చట్టం కింద 40 లోనే ఉంది. చాలామంది 50 వేసుకుని తప్పు చేస్తారు. అది పొరపాటు జాతిది.

కూకట్‌పల్లిలో నెలకి 18,000 అద్దె కట్టే ఒక ఉద్యోగి ఉదాహరణ తీసుకుందాం. బేసిక్ ఏడాదికి 6,00,000, హెచ్‌ఆర్‌ఏ 2,40,000. అద్దె 2,16,000. అందులోంచి 60,000 తీస్తే 1,56,000. మూడింట్లో ఇదే తక్కువ, న్యాయంగా రావాల్సిన మినహాయింపు ఇదే. ఆయన 25,000 అద్దె అని రసీదులు రాశాడనుకోండి. 3,00,000 లోంచి 60,000 పోతే 2,40,000. అదనంగా దాచింది 84,000. ఆయన 20 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి మిగిలేది 17,472 రూపాయలు. ఈ అంకె గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇది ఎలా బయటపడుతుంది? ఏడాదికి అద్దె లక్ష దాటితే ఓనరు పాన్ ఇవ్వాలి. ఆ పాన్ కింద ఓనరు ఎంత అద్దె చూపించాడో ఆదాయపు పన్ను శాఖ దగ్గర ఉంటుంది. ఇక్కడ 3 లక్షలు, అక్కడ 2,16,000 కనపడితే కంప్యూటరే పట్టుకుంటుంది. పాన్ ఇవ్వక్కర్లేకుండా నెలకి 8,300 అని రాసే తెలివి కూడా ఉంది. గచ్చిబౌలిలో రెండు పడక గదుల ఇల్లు 8,300కి దొరుకుతుందని ఏ అధికారీ నమ్మడు. నగదుగా కట్టిన అద్దె 5,000 దాటితే రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు ఉండాలి. అంతకంటే మంచిది బ్యాంకు నుంచో యూపీఐ నుంచో పంపి, వివరంలో "అద్దె, జూన్" అని రాయడం. మెయింటెనెన్స్ అద్దె కిందికి రాదు, విడిగా పంపండి. నెల అద్దె 50,000 దాటితే అద్దెకున్నవాళ్లే 2 శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేవాళ్లే ముందుగా పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) కోసి 26క్యూసీ ఫారంలో కట్టాలి. ఇది చాలామందికి తెలియదు. ఆర్థిక సంవత్సరం చివరి నెలలోనో, అంతకుముందే ఇల్లు ఖాళీ చేస్తే ఆ చివరి నెలలోనో కోయాలి. ఆ నెల ముగిశాక 30 రోజుల్లో కట్టేయాలి.

తల్లిదండ్రుల ఇంట్లో ఉంటూ వాళ్లకి అద్దె కట్టడం తప్పు కాదు. ఇల్లు వాళ్ల పేర ఉండాలి, డబ్బు నిజంగా వాళ్ల ఖాతాకి వెళ్లాలి, వాళ్లు దాన్ని తమ రిటర్నులో చూపాలి. ఒకటో తారీఖున అమ్మ ఖాతాలో వేసి మూడో తారీఖున వెనక్కి తెప్పించుకుంటే అది అద్దె కాదు.

పాన్ ఇవ్వనంటున్న ఓనరు మీద అందరికీ కోపమే. ఆ కోపం కాస్త పక్కన పెట్టి ఆయన లెక్క కూడా చూడండి. 2,16,000 అద్దెలో 30 శాతం, అంటే 64,800, మరమ్మతుల కింద చట్టమే తీసేస్తుంది, ఖర్చు పెట్టినా పెట్టకపోయినా. ఆయన కట్టిన ఆస్తి పన్నూ తీసేయొచ్చు. ఆస్తి పన్ను వదిలేసినా మిగిలేది 1,51,200. 2025-26కి కొత్త విధానంలో మొత్తం ఆదాయం 12 లక్షల లోపయితే రిబేటు వల్ల పన్నే లేదు. పింఛనుతో, ఒక ఫ్లాటు అద్దెతో బతికే పెద్దాయన పైసా పన్ను పడని అద్దెని భయంతో దాచుకుంటున్నాడు. ఆయన్ని దొంగ అనడం కంటే ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే పాన్ ఇచ్చే అవకాశం ఎక్కువ. అడిగేది కూడా 11 నెలల ఒప్పందం రాసుకునే రోజునే అడిగి, అందులోనే రాయించుకోండి. మార్చిలో అడిగితే గొడవే.

వడ్డీ దగ్గర జరిగే తప్పు చిన్నదే కానీ దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. "బ్యాంకు టీడీఎస్ కోయలేదు, కాబట్టి పన్ను లేదు" అనుకుంటారు. 2025 ఏప్రిల్ నుంచి ఒక బ్యాంకులో డిపాజిట్ వడ్డీ ఏడాదికి 50,000, సీనియర్ సిటిజన్లకి లక్ష, దాటితేనే బ్యాంకు కోస్తుంది. ఆ పరిమితి కోతకే, పన్నుకి కాదు. మూడు బ్యాంకుల్లో 40 వేల చొప్పున వస్తే ఎక్కడా కోయరు, కానీ 1,20,000 మన ఆదాయమే. కోసినా 10 శాతమే కోస్తారు. 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లు మిగతాది తామే కట్టాలి.

హైదరాబాద్‌లో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన విషయం విదేశీ షేర్లు. కొండాపూర్, గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో జీతంతో పాటు అమెరికా మాతృసంస్థ షేర్లు ఇస్తారు, ఆర్‌ఎస్‌యూలు. వంద షేర్లు చేతికొచ్చిన రోజున ముప్పై చిల్లర అమ్మి పన్ను కట్టేసి, మిగతావి విదేశీ బ్రోకర్ ఖాతాలో వేస్తారు. ఆఫీసు ఇచ్చే జీతం, టీడీఎస్ పత్రం ఫారం 16లో ఆ మొత్తం జీతంగా వచ్చేసింది కాబట్టి ఇక చూపేది లేదని ఉద్యోగి అనుకుంటాడు. మూడు పనులు మిగిలిపోతాయి. మొదటిది, రిటర్నులో షెడ్యూల్ ఎఫ్‌ఏ, అంటే విదేశీ ఆస్తుల పట్టిక. షేర్లు, ఆ బ్రోకర్ ఖాతా రెండూ అందులో రాయాలి. ఇక్కడ ఆర్థిక సంవత్సరం పనికిరాదు, జనవరి నుంచి డిసెంబరు క్యాలెండర్ సంవత్సరం. 2025-26 రిటర్నులో 2025 డిసెంబర్ 31తో ముగిసిన ఏడాది వివరాలు రాయాలి. మార్చి 31 నిల్వ రాసేసి తప్పులో పడేవాళ్లు చాలామంది. రెండోది, పన్ను కోసం అమ్మిన ఆ ముప్పై షేర్లు కూడా అమ్మకమే. లాభం పది డాలర్లయినా, నష్టమైనా మూలధన లాభాల షెడ్యూల్లో రావాలి. మూడోది డివిడెండ్. అమెరికాలో 25 శాతం కోసుకుని పంపుతారు. మనం కోత తర్వాత వచ్చిన సొమ్ము కాదు, మొత్తం డివిడెండ్ ఆదాయంగా చూపి, అక్కడ కట్టిన పన్నుకి ఫారం 67 వేసి తగ్గింపు తెచ్చుకోవాలి. ఇన్ని ఉన్నవాళ్లు ఐటీఆర్-1 వేయకూడదు, కనీసం ఐటీఆర్-2 వేయాలి.

ఎఫ్‌ఏ వదిలేస్తే నల్లధనం చట్టం కింద ఏడాదికి 10 లక్షల జరిమానా పడొచ్చు, పన్ను ఎగ్గొట్టకపోయినా సరే. 2024 అక్టోబర్ 1 నుంచి, స్థిరాస్తి కాకుండా మిగతా విదేశీ ఆస్తులన్నీ కలిపి 20 లక్షలు మించకపోతే ఆ జరిమానా లేదు. రాయాల్సిన బాధ్యత మాత్రం పోలేదు. ఈ షెడ్యూలు మూడేళ్లుగా ఖాళీగా వదిలేసిన ఉద్యోగి మనసులో దురుద్దేశం లేదు. తెలియకపోవడం, తెలుసుకునే ఓపిక లేకపోవడం ఉన్నాయి. ఆయన తన విషయంలో ఆ తేడా స్పష్టంగా చెప్పుకుంటాడు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఓనరు గురించి రాసేటప్పుడు కూడా ఆ తేడా గుర్తు రావాలని నా కోరిక.

ఏజెంట్ల గురించి కటువుగానే చెప్పాలి. "మీ టీడీఎస్ మొత్తం వెనక్కి తెప్పిస్తా, వచ్చినదాంట్లో ఇంత శాతం నాది" అనేవాడి దగ్గరికి వెళ్లకండి. వాళ్లు చేసేది ఏమిటంటే, మీరు ఇవ్వని రాజకీయ విరాళం, లేని విద్యా రుణం, లేని జబ్బు వైద్య ఖర్చు రిటర్నులో పెడతారు. ఆదాయపు పన్ను పోర్టల్లో మీ ఈమెయిల్ తీసేసి తాత్కాలిక ఈమెయిల్ పెడతారు. నోటీసు అక్కడికి వెళ్తుంది, మీకు తెలియను కూడా తెలియదు. 2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి తప్పుడు మినహాయింపుల మీద దేశవ్యాప్తంగా తనిఖీలు చేసింది. అంతకుముందు నాలుగు నెలల్లో దాదాపు 40,000 మంది తమంతట తాము రిటర్నులు సరిదిద్దుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని ఆ రోజే ప్రకటించింది. రిటర్ను చివర ధ్రువీకరణ మీది, ఏజెంటుది కాదు. "నాకు తెలియదండీ, ఆయన పెట్టాడు" అన్న మాట చెల్లదు. ఇవాళ ఇంటికెళ్లాక పోర్టల్లో లాగిన్ అయి, ప్రొఫైల్లో ఈమెయిల్, ఫోన్ నంబరు, రీఫండ్ వచ్చే బ్యాంకు ఖాతా మీవేనా చూసుకోండి.

ఇక అలవాట్ల సంగతి. జులై ఆఖరి వారంలో కూర్చుంటే ఎవరికైనా తప్పులు వస్తాయి. కాగితం దొరకదు, దొరకనిచోట అందాజుగా అంకె వేస్తాం. అడ్జస్ట్‌మెంట్లు చాలావరకు పుట్టేది దురాశ నుంచి కంటే ఈ తొందర నుంచే అని నా అభిప్రాయం. నెలకి పావుగంట చాలు. జీతం స్లిప్పు, అద్దె పంపిన ఆధారం, ఆరోగ్య బీమా రసీదు, షేర్లు వచ్చిన నోటు, ఏవి వస్తే అవి ఆ నెలలోనే ఒక ఫోల్డర్లో వేయండి. పేరు "2025-06 అద్దె 18000" అన్నట్టు పెడితే వెతుకులాట ఉండదు. ఏప్రిల్‌లో ఏడాది ఆస్తి పన్ను మొత్తం కట్టేస్తే జీహెచ్‌ఎంసీ 5 శాతం తగ్గిస్తుంది. బకాయి పడితే నెలకి 2 శాతం వడ్డీ. ఉద్యోగం మారితే పాత కంపెనీ జీతం వివరాలు కొత్త కంపెనీకి ఫారం 12బీలో ఇచ్చేయండి. ఇవ్వకపోతే ఇద్దరూ స్టాండర్డ్ డిడక్షన్, శ్లాబుల లాభం విడివిడిగా ఇచ్చేస్తారు. జులైలో పెద్ద మొత్తం కట్టాల్సి వచ్చేసరికి కంపెనీ మోసం చేసిందని తిట్టుకుంటారు. కంపెనీ తప్పు అందులో లేదు.

రిటర్ను మరీ ముందూ వేయకండి. బ్యాంకులు, కంపెనీలు తమ వివరాలు శాఖకి పంపడానికి మే 31 దాకా గడువుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో మీ ఏఐఎస్, అంటే మీ ఆదాయం గురించి శాఖ దగ్గరున్న వార్షిక వివరాల పత్రం, సగమే నిండి ఉంటుంది. జూన్ 15 తర్వాత ఫారం 16 చేతికొస్తుంది, అప్పుడు ఏఐఎస్ దించుకోండి. పీడీఎఫ్ తెరవడానికి పాస్‌వర్డ్ చిన్న అక్షరాల్లో పాన్, దాని వెంటనే పుట్టిన తేదీ ఎనిమిది అంకెల్లో. దాన్ని మీ ఫోల్డర్ పక్కన పెట్టుకుని జీతం, వడ్డీ, డివిడెండ్, అమ్మకాలు, టీడీఎస్ ఒక్కొక్కటిగా టిక్ పెట్టుకుంటూ పోండి. ఏఐఎస్‌లో లేదు కదా అని వదిలేయడం తప్పు, ఉంది కదా అని కళ్లు మూసుకుని ఒప్పుకోవడమూ తప్పే. ఉమ్మడి డిపాజిట్ వడ్డీ భార్యాభర్తలిద్దరి దగ్గరా కనపడొచ్చు. అక్కడే ఫీడ్‌బ్యాక్ మీట ఉంది, ఇది వేరే పాన్‌ది అనో, రెండుసార్లు వచ్చింది అనో చెప్పొచ్చు. రిటర్ను వేశాక 30 రోజుల్లో ధ్రువీకరించాలి, లేకపోతే వేయనట్టే. నోటీసు వస్తే బషీర్‌బాగ్ ఆయకర్ భవన్‌కి పరుగెత్తనక్కర్లేదు, చాలావరకు జవాబు పోర్టల్లోనే ఇవ్వాలి. నోటీసులో చెప్పిన గడువు దాటనివ్వకండి.

ఎదుటివాడి ఎగవేత నిజంగా తెలిస్తే దానికీ దారి ఉంది. ఈ-ఫైలింగ్ పోర్టల్లోనే పన్ను ఎగవేత ఫిర్యాదు పెట్టొచ్చు. ఫలానా తేదీన, ఫలానా ఆస్తికి, ఇంత నగదు చేతులు మారింది, ఆధారం ఇదీ అని రాయగలగాలి. "కొత్త కారు కొన్నాడు, ఎక్కడి నుంచి వచ్చిందో" అన్నది ఫిర్యాదు కాదు. తేదీ, మొత్తం, కాగితం మూడూ మీ దగ్గర లేకపోతే ఆ మనిషి గురించి మీకు తెలిసింది వదంతి మాత్రమే, దాన్ని గ్రూపులో పెట్టకండి.

చివరగా ఆ 17,472 దగ్గరికి. ఆ రసీదులు 2024-25వి అనుకుందాం. శాఖ పట్టుకుంటే ఆ పన్ను, దాని మీద 200 శాతం జరిమానా 34,944, కలిపి 52,416, వడ్డీ అదనం. నోటీసు రాకముందే ఆయన తానే 2026 జూన్‌లో అప్‌డేటెడ్ రిటర్ను, అదే ఐటీఆర్-యూ, వేశాడనుకోండి. పన్ను 17,472, నెలకి ఒక శాతం చొప్పున పదిహేను నెలల 234బీ వడ్డీ (ముందస్తుగా కట్టాల్సిన పన్ను కట్టనందుకు పడేది) 2,610, ఈ రెండింటి మీద 25 శాతం అదనపు పన్ను దాదాపు 5,020. మొత్తం సుమారు 25,100. ఆలస్యం చేసేకొద్దీ ఆ 25 శాతం ఏడాదికేడాది 50, 60, 70 అవుతుంది, నాలుగేళ్లు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. రీఫండ్ పెంచుకోవడానికి ఈ ఫారం పనికిరాదు. అందులో ఎందుకు సరిదిద్దుతున్నారో కారణం ఎంచుకోమని ఒక జాబితా ఇస్తుంది. ఈ ఉద్యోగి ఎంచుకోవాల్సింది "ఆదాయం సరిగ్గా చూపలేదు" అన్నది. దాని పక్కన టిక్ పెట్టి, చలానా కట్టి, ఓటీపీతో ధ్రువీకరించాకే ఆ ఏడాది ఫైలు కట్టేయండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.